దుప్పటి ఒకటి రాలేదు

1986 జూన్‌లో మద్రాసు సెంట్రల్ స్టేషనులో రైలు దిగేటప్పటికి నా దగ్గర ఒక రేకుపెట్టె, ఒక చాప, బి.కాం. పట్టా, ఇంగ్లీషులో మూడు వాక్యాలు ఉన్నాయి. ఆ మూడూ సెలవుచీటీలోవి. జ్వరంతో బాధపడుతున్నానని ఒకటి, అందువల్ల బడికి రాలేనని ఒకటి, రెండు రోజులు సెలవు ఇప్పించమని ఒకటి. ఆరో తరగతిలో ఏబీసీడీలు మొదలుపెట్టిన దగ్గరి నుంచి పదో తరగతి దాటేదాకా మా బడిలో ఎవరికీ జ్వరం తప్ప మరో జబ్బు రాలేదు. వచ్చినా రాసేవాళ్ళం కాదు. విరేచనాలకు స్పెల్లింగు విషయంలో మా మాస్టారికే అనుమానం ఉండేది.

మాది కందుకూరు పక్కన పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమమే. ఇంగ్లీషు పాఠమంటే మాస్టారు ఒక వాక్యం చదవడం, దాని అర్థం తెలుగులో చెప్పడం, ఆ తెలుగును మేము గుర్తుపెట్టుకోవడం. ఆ విధంగా ఇంగ్లీషు పాఠాలన్నీ నాకు తెలుగులో కంఠతా వచ్చు. పరీక్షలు కూడా అలాగే గట్టెక్కాయి.

మా మేనమామకు తెలిసినవాళ్ళ ద్వారా జార్జిటౌనులో, తంబు చెట్టి వీధిలో, ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తా పని దొరికింది. హార్బరుకు వెళ్ళే సరుకుకు కాగితాలు తయారుచేసి, కస్టమ్స్ హౌసులో ముద్రలు వేయించి, సరుకు ఓడ ఎక్కేదాకా వెంటపడటం మా పని. ఆఫీసులో ప్యూన్లతో తమిళం, మేనేజరుతో ఇంగ్లీషు మాట్లాడాలి. నాకు రెండూ రావు. మేనేజరు ఆంగ్లో ఇండియన్. ఇంట్లోనూ వీధిలోనూ ఇంగ్లీషే మాట్లాడే మనిషి. మంచివాడే కానీ తొందర ఎక్కువ. నడుస్తూనే మాట్లాడేవాడు. ప్రశ్న మొదలుపెట్టేటప్పుడు నా బల్ల దగ్గర ఉంటే, అది ముగిసేటప్పటికి గుమ్మం దగ్గర ఉండేవాడు. నేను ఆ ప్రశ్నను మనసులో తెలుగు చేసుకుని, జవాబును ఇంగ్లీషు చేసుకుని, నోరు తెరిచేసరికి ఆయన మెట్లు దిగిపోయేవాడు.

వేపేరిలో గది దొరకడం మాత్రం నా అదృష్టం. పాత మిద్దె ఇల్లు, మేడ మీద ఒకే గది, నెలకు 175 రూపాయలు. ఇంటావిడ ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయ్యారు. అప్పటికి అరవై నిండాయి. ‘మేమూ తెలుగువాళ్ళమే నాయనా’ అని మొదటి రోజే చెప్పారు. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఏ ఊరి నుంచి వచ్చారో ఆవిడకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఆవిడ తెలుగులో మా అమ్మమ్మ నోట తప్ప నేను ఎక్కడా వినని పాతమాటలు ఉండేవి, వాటి పక్కనే తమిళం వచ్చి కూర్చునేది. కూర కుదిరితే ‘రొంబ బాగుంది’ అనేవారు.

నా గదిలో వేంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించాను. ఒకరోజు ఆవిడ మేడ మీదికి వచ్చి, దాని మీద వేలు పెట్టి, ‘ఇక్కడ ఏమి రాసి ఉంది?’ అని అడిగారు. వేళాకోళం అనుకున్నాను. అది ‘గురువారం’. అప్పుడు తెలిసింది, ఆవిడకు తెలుగు చదవడం రాదని. రెండు భాషల్లో పుస్తకాలు నమిలేసే మనిషికి సొంత భాషలో వారాల పేర్లు తెలియవు. ఆ ఊళ్ళో అలాంటి తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయని తరవాత తెలిసింది కానీ, ఆ రోజు మాత్రం నాకు నోట మాట రాలేదు.

ఇక ఓడ సంగతి. ఆగస్టులో మా ఆఫీసుకు కొన్ని బేళ్ళ రుమాలు గుడ్డ వచ్చింది. చీరాల వైపు మగ్గాల మీద నేసి, మద్రాసు పేరు పెట్టుకుని ఆఫ్రికాకు పోయే గళ్ళ గుడ్డ అది. మా జిల్లా సరుకు కనుక నాకు దాని మీద కొంచెం మమకారం కూడా ఉండేది. ఇన్వాయిసు మీద ఒక సంతకం తక్కువైందని కాగితాలు నా సొరుగులోనే ఆపాను. మేనేజరు ఎప్పటిలాగే నడుస్తూ, ‘ఆ కాగితాలు కస్టమ్స్‌లో ఇవ్వలేదా?’ అని ఇంగ్లీషులో అడిగాడు. నేను లేచి నిలబడి ‘ఎస్ సర్’ అన్నాను. అవునండి, ఇవ్వలేదు అని నా ఉద్దేశం. ఆయన ‘గుడ్’ అని వెళ్ళిపోయాడు. ఇవ్వకపోతే గుడ్ ఏమిటా అని ఒక్క క్షణం అనిపించింది. పెద్దవాళ్ళకు ఏవో లెక్కలు ఉంటాయిలే అనుకుని కూర్చున్నాను.

ఓడ వెళ్ళిపోయింది. బేళ్ళు గోదాములో ఉండిపోయాయి. మర్నాడు ఆయన నన్ను గదిలోకి పిలిచి, తలుపు మూసి, మొదటిసారి కదలకుండా ఒకచోట కూర్చుని అడిగాడు: ‘ఇచ్చేశానని నువ్వు నాతో చెప్పలేదా?’ నేను చెప్పలేదు కదా. అందుకని వినయంగా మళ్ళీ ‘ఎస్ సర్’ అన్నాను.

ఉద్యోగం ఎందుకు పోలేదో ఇప్పటికీ అర్థం కాదు. బహుశా అంత ధైర్యంగా తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఆయన అంతకుముందు చూసి ఉండడు.

సాయంత్రం ఇంటికి వచ్చి మెట్ల మీద కూలబడితే ఇంటావిడ కదిలించి విషయమంతా లాగారు. ఓదారుస్తారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చేంతగా నవ్వారు. నవ్వడం అయ్యాక లోపలికి వెళ్ళి గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని పాఠం మొదలుపెట్టారు. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అది. అప్పటి వరకు ఏ వ్యాకరణ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. అందరి ఇళ్ళలోనూ ఉండే, ఇద్దరు దొరల పేర్లున్న ఆ ఎర్ర అట్ట పుస్తకం నా పెట్టెలోనూ ఉంది. క్రియలూ కాలాలూ అన్నీ అందులో ఉన్నాయి. నా ఉద్యోగానికి గండం తెచ్చిన రెండు చిన్న మాటల సంగతి మాత్రం నేను చదివిన పేజీల్లో లేదు.

‘మన తెలుగైనా తమిళమైనా ఒకటే. రాలేదా అని అడిగితే అవును, రాలేదు అంటాం. అడిగిన మనిషి అనుకున్నది నిజమా కాదా అని చూసి జవాబు చెబుతాం. ఇంగ్లీషువాడు అడిగిన మనిషిని చూడడు, పనిని చూస్తాడు. పని జరిగితే ఎస్, జరగకపోతే నో. ప్రశ్న ఎటు తిప్పి అడిగినా సరే’ అన్నారు.

వినడానికి సులువే. చేతికి రావడానికి నెల పట్టింది. ఆ నెల అంతా ఆవిడ నన్ను ‘లేదా’ ప్రశ్నలు తప్ప వేరే ప్రశ్న అడగలేదు. పొద్దున్నే పంపు దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే, నీళ్ళు రాలేదా? గుమ్మం దాటుతుంటే, టిఫిను తినలేదా? గొడుగు తీసుకోలేదా? మా ఊరి నుంచి ఉత్తరం రాలేదా? ప్రతిదానికీ నేను ఒక క్షణం ఆగి, పని జరిగిందా లేదా అని లెక్క వేసుకుని, అప్పుడు నోరు తెరవాలి. తప్పయితే ఆవిడ ఏమీ అనేవారు కాదు. అదే ప్రశ్న మళ్ళీ అడిగేవారు. ఒకరోజు టిఫిను తినలేదా అన్నదానికి మూడుసార్లు తప్పు చెప్పి బస్సు పోగొట్టుకున్నాను.

పరీక్ష సెప్టెంబరు 22న జరిగింది, సోమవారం. చేపాక్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు చివరి రోజు. తంబు చెట్టి వీధిలో టీకొట్టు రేడియో దగ్గర గుమాస్తాలందరం నిలబడిపోయాం. ఇంటికి వచ్చేసరికి వేపేరిలో కరెంటు లేదు, ఆవిడ రేడియోలో బ్యాటరీలు అయిపోయాయి. గేటు దగ్గరే పట్టుకున్నారు. ‘మనవాళ్ళు గెలవలేదా?’ ఆలోచించి ‘నో’ అన్నాను. ‘అయితే ఓడిపోయారా?’ ‘నో.’ ‘ఆట అవలేదా?’ ‘ఎస్, అయిపోయింది.’ ఆవిడ నుదురు కొట్టుకుని, ‘మళ్ళీ మొదటికి వచ్చావు కదయ్యా’ అన్నారు. నెల రోజుల్లో మొదటిసారి మూడుకు మూడూ కరెక్టుగా చెప్పినవాణ్ణి, నాకు ఎంత కష్టం వేసిందో! చెబితే నమ్మలేదు. 348 కొట్టవలసినవాళ్ళు 347కి ఆలవుట్ అయ్యారనీ, ఆఖరి ఓవర్లో ఒక్క బంతి మిగిలి ఉండగా మణీందర్ ఎల్బీడబ్ల్యూ అయ్యాడనీ, అది గెలుపూ కాదు, ఓటమీ కాదు, డ్రా కూడా కాదనీ నేను వేళ్ళు మడిచి చెప్పవలసి వచ్చింది. టెస్టు క్రికెట్లో అంతకుముందు అలా జరిగింది ఒక్కసారే, 1960లో బ్రిస్బేన్‌లో. మర్నాడు పేపరు చూశాక కాఫీ గ్లాసు పట్టుకుని మేడ మీదికి వచ్చారు. ‘మూడూ కరెక్టే. పాసయ్యావు’ అన్నారు.

ఆ రోజే ఫీజు సంగతి ఎత్తారు. డబ్బు అడుగుతారేమోనని బెదిరాను. ‘నాకు తెలుగు రాయడం నేర్పు. చాలు’ అన్నారు.

అలా మా ఇద్దరి బడి మొదలైంది. రాత్రి ఎనిమిదింటికి కింద వరండాలో ఒక గంట నాకు, అరగంట ఆవిడకు. నా గంటలో ఆవిడ ఇంగ్లీషు తప్ప మాట్లాడరు, ఆవిడ అరగంటలో నేను తెలుగు తప్ప మాట్లాడను. ఆవిడకు తమిళ లిపి అలవాటు. అందులో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ‘ఒకదానితో జరిగే సంసారానికి మీకు నాలుగు ఎందుకు?’ అని నన్ను నిలదీశారు. నేనేదో ఆ నాలుగూ నిన్ననే తయారుచేసినట్టు. ఒత్తులు వచ్చేసరికి ఇంకా కష్టమైంది. ‘లక్ష్మి’ రాయమంటే పలక మీద తల వంచి, ‘ఎవరి మీద ఎవరు కూర్చున్నారు ఇక్కడ?’ అనేవారు. క కింద ష, దాని కింద మ, పైన గుడి. నాకూ అంతవరకు తట్టలేదు, ఆ ఒక్క అక్షరంలో అంతమంది కాపురం ఉన్నారని.

ఆవిడ నాకు చెప్పిన చిట్కా ఒకటి ఉంది. వ్యాసాలు రాయకు, నిఘంటువు వల్లె వేయకు, రోజూ ఎలాగూ రాయక తప్పని పని ఒకటి ఇంగ్లీషులో పెట్టుకో అన్నారు. నాకు తప్పని పని ఖర్చుల లెక్క. నెలకు ఎంత మిగిలింది, ఎంత ఇంటికి పంపాలి అని నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాణ్ణి. అది ఇంగ్లీషుకు మారింది. చింతపండుకు, మరచెంబుకు, మంగలి కటింగుకు, రాట్నం బావి గిలకకు ఇంగ్లీషు వెతుక్కున్నాను. ఏ పరీక్షలోనూ రాని మాటలు అవి, ఇప్పటికీ మరచిపోలేదు. అదే చిట్కా నేను ఆవిడకు అప్పగించాను. ఆవిడకు తప్పని పని చాకలి పద్దు. వారానికి రెండుసార్లు బట్టలు వేసేటప్పుడు ఎన్ని వేశారు, ఎన్ని వచ్చాయి అని రాసుకునేవారు. అంతవరకు తమిళంలో ఉన్న పద్దు తెలుగులోకి దిగింది. మొదటి పేజీ నాకు బాగా గుర్తు. ‘చిరలు 4, జాకిట్లు 3, దుపటి 2.’ ఆవిడ నా తప్పులు ఎర్ర సిరాతో దిద్దేవారు కనుక నేనూ ఎర్ర సిరా కొనుక్కున్నాను. చీరకు దీర్ఘం పెట్టాను, దుప్పటికి ఒత్తు ఇచ్చాను. ఇంగ్లీషు టీచరు పుస్తకం మీద ఎర్రగీత పెట్టడంలో ఉన్న సంతోషం చెప్పలేను.

అప్పట్లో నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఎగ్మూరులో పాంథియన్ రోడ్డు మీద కన్నెమరా గ్రంథాలయం ఉంది కదా, 1896 నాటిది. వేపేరి నుంచి నడిచి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక ఆదివారం బ్రౌను దొర నిఘంటువు పునర్ముద్రణ తిరగేస్తుంటే పాత ముఖపత్రం కనిపించింది. 1852 ప్రాంతంలో ఆ నిఘంటువులు అచ్చయింది వేపేరిలో! మేము పాలు తెచ్చుకునే వీధులకు కూతవేటు దూరంలో, క్రైస్తవ సంఘం ముద్రణాలయంలో. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ దగ్గర 1761లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకొచ్చిన అచ్చుయంత్రంతో మొదలైన ముద్రణాలయమట అది. బ్రౌను 1817లో ఉద్యోగం కోసం మద్రాసు వచ్చి, కుంఫిణీ కాలేజీలో తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై నిండలేదు. నాకు ఇరవైమూడు. ఆయన నా భాష కోసం, నేను ఆయన భాష కోసం ఒకే ఊళ్ళో తంటాలు పడ్డాం. ఆయనకు పంతుళ్ళు ఉన్నారు, జీతం ఉంది, నేర్చుకోకపోతే ఉద్యోగంలో పైకి రాలేని భయం కూడా ఉంది. ఆ చివరిది మాత్రం ఇద్దరికీ సమానం. ఈ సంగతి పరుగున వచ్చి ఇంటావిడకు చెబితే, ‘ఆయనకు ఒత్తులు ఎన్నాళ్ళకు వచ్చాయో అందులో రాశాడా?’ అని అడిగారు.

మాటలు పోగుచేసే పిచ్చి కూడా అప్పుడే పట్టుకుంది. పల్లవన్ బస్సు టిక్కెట్లు పల్చగా, వేలెడంత ఉండేవి. ప్రతి టిక్కెట్టు వెనక ఒక మాట. ఆఫీసులో విన్నది, పేపరులో చూసింది, బోర్డు మీద చదివింది. చొక్కా జేబులో చేరిన టిక్కెట్లు రాత్రికి బయటకు తీసి నిఘంటువు ముందు పెట్టుకునేవాణ్ణి. చాకలికి వేసిన చొక్కాలో ఉండిపోతే ఆ రోజు నేర్చుకున్నదంతా ఉతుకులో పోయేది.

రేడియో దొరికాక ఇంకో లోకం తెరుచుకుంది. వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ళు స్పెషల్ ఇంగ్లీషు అని ఒక ప్రసారం ఇచ్చేవాళ్ళు. 1959లో మొదలైంది. భాష నేర్చుకునే పరదేశీయుల కోసం దాదాపు 1500 మాటలతోనే వార్తలన్నీ చెప్పేవాళ్ళు. పొట్టి వాక్యాలు, మామూలు వేగంలో మూడింట రెండు వంతుల వేగం. షార్ట్‌వేవ్ మీద గొంతు అలలా వచ్చిపోతూ ఉండేది. యుద్ధాలు, ఎన్నికలు, అంతరిక్షనౌకలు అన్నీ నింపాదిగా, పసిపిల్లలకు అన్నం కలిపి పెట్టినట్టు. ప్రపంచంలో నా కోసం ఎవరో నెమ్మదిగా మాట్లాడుతున్నారని మొదటిసారి అనిపించింది. మా మేనేజరుకు ఆ ప్రసారం వినిపించాలని చాలాసార్లు అనుకున్నాను.

టైపు ఇనిస్టిట్యూటుకు కూడా వెళ్ళాను. నిమిషానికి 30 మాటల లోయరు పాసయ్యాను, 45 మాటల హయ్యరు దగ్గర చేతులు ఎత్తేశాను. దాని గురించి చెప్పడానికి వేళ్ళ నొప్పులు తప్ప ఏమీ లేదు.

వ్యాకరణంలో ‘ది’ అనే మాట నన్ను ఏడిపించినంతగా ఏదీ ఏడిపించలేదు. తెలుగులో దానికి జోడీ లేదు. ఎక్కడ పెట్టాలంటే ఆవిడ కూడా సూత్రాలు చెప్పి, చెప్పి, చివరికి ‘పులిహోరలో ఇంగువ అనుకో. ఎక్కువైనా తెలుస్తుంది, లేకపోయినా తెలుస్తుంది’ అనేవారు. ఇంకో ఇబ్బంది మన వైపు నుంచే ఉంది. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, కుక్క వచ్చింది: మనకు ముగ్గురికీ ఒకటే క్రియ. తమిళంలో ఆడమనిషికి ‘వందాళ్’, బస్సుకు ‘వందదు’. ‘ఈ విషయంలో తమిళమే మర్యాద’ అని ఆవిడ వాదన. నేను ఒకసారి మేనేజరు భార్య వచ్చిందని చెప్పబోయి ‘ఇట్’ అన్నప్పుడు ఆ వాదన ఒప్పుకున్నాను.

కానీ మనం గెలిచిన చోటు కూడా ఒకటి ఉంది. ఒక శనివారం మేనేజరు అందరి బల్లల మధ్య నిలబడి, రేపు మహాబలిపురం వెళుతున్నాం అన్నాడు. ‘వుయ్’ అన్నాడు. ఆ వుయ్‌లో నేను ఉన్నానా? తెలుగువాడైతే మనం అనేవాడు, లేదంటే మేము అనేవాడు, అక్కడితో తేలిపోయేది. కొత్తవాణ్ణి, అడగడానికి సిగ్గు. మేము అనే అర్థం చేసుకుని ఆదివారమంతా గదిలో పడుకున్నాను. సోమవారం అందరూ రాలేదేమని అడిగారు. బస్సులో నా సీటు ఖాళీగా ఉంచారట. సాయంత్రం ఇంటావిడతో చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. ‘అంత పెద్ద భాష. రెండు వుయ్‌లు పెట్టుకోవలసింది’ అన్నారు చివరికి.

ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ దగ్గరికి వచ్చేసరికి చలికాలం వచ్చింది. మద్రాసులో దాన్ని చలి అంటారు మరి. మనకు వచ్చాను అంటే వచ్చాను, అంతే. ఇంగ్లీషులో ఎప్పుడో వచ్చాను అనడానికి ఒక రూపం, వచ్చి ఇదిగో ఉన్నాను అనడానికి ‘హ్యావ్’ చేర్చి మరో రూపం. నాకు తేడా పట్టుబడలేదు. ఆవిడ ఒక ఉదాహరణ ఇచ్చారు. ‘గాంధీగారు మద్రాసుకు చాలాసార్లు వచ్చారు. ఇక్కడ హ్యాజ్ పెట్టకూడదు. ఎందుకో తెలుసా? ఇంకోసారి వచ్చే వీలుండాలి. హ్యాజ్ బతికున్నవాళ్ళది.’ అది విన్నాక నేను ఆ తప్పు ఎప్పుడూ చేయలేదు.

ఆవిడ చేశారు, ఒకసారి. భర్త పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో చేసేవారు. 1955లో నెహ్రూ వచ్చి ప్రారంభించినప్పుడు జనంలో నిలబడి చూశానని ఆయన చెప్పుకునేవారట. నేను వెళ్ళడానికి ఏడేళ్ళ ముందే పోయారు. నా గంటలో, ఇంగ్లీషులో, కాఫీ కలుపుతూ ఆయన మాట ఎత్తారు. ఆయనకు మొదటి నుంచీ డికాక్షన్ చిక్కగా ఉంటేనే ఇష్టం అన్నారు. ‘హ్యాజ్’ పెట్టి అన్నారు. నా చేతిలో ఎర్ర సిరా కలం ఉంది. నేను గ్లాసు అందుకుని కాఫీ తాగాను.

1991లో పెళ్ళయి అంబత్తూరు వైపు మారిపోయాను. మొదట్లో నెలకోసారి, తరవాత పండగలకు, ఆ తరవాత ఎప్పుడైనా అన్నట్టుగా వెళ్ళేవాణ్ణి. మద్రాసు చెన్నై అయింది. తంబు చెట్టి వీధి వదిలి వేరే ఉద్యోగాలు చేశాను, ఇంగ్లీషులో ఉత్తరాలు రాసి ఇతరుల ఉత్తరాలు దిద్దేవరకు వచ్చాను. వెళ్ళినప్పుడల్లా ఆవిడ గేటు దగ్గరే ‘ఇంకా భోంచేయలేదా?’ అని ఇంగ్లీషులో అడిగేవారు. నేను కరెక్టుగా జవాబు చెప్పాకనే గడియ తీసేవారు. ఆ ఆట మా ఆవిడకు మొదట్లో వింతగా ఉండేది.

2015 సంక్రాంతి వెళ్ళాక ఫోను వచ్చింది. పదోరోజు దాటాక ఆవిడ కొడుకు నన్ను ఇంటికి రమ్మన్నారు. వరండాలో అదే కుర్చీ. ఆయన ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. నిండా పొడుగాటి నోటుబుక్కులు, ఇరవై దాకా ఉంటాయి. ‘అమ్మ చివరి దాకా వీటిల్లో ఏదో తెలుగులో రాస్తూనే ఉంది. అడిగితే నవ్వేది, చెప్పేది కాదు. మా ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. మీరు చదివి చెబుతారా?’ అన్నారు. ఆయన కూతురు, కాలేజీ చదువుతున్న పిల్ల, ఇంగ్లీషూ తమిళమే మాట్లాడుతుంది, వచ్చి నా పక్కన కింద కూర్చుంది.

ఒక పుస్తకం తెరిచాను. తేదీ. చీరలు 3, జాకెట్లు 3, తువ్వాళ్ళు 2, దిండు గలీబులు 4. ఇంకో పుస్తకం. చీరలు 2, దుప్పటి 1, అబ్బాయి పంచె 1, కర్టెన్లు 2, వచ్చాయి. అక్షరాలు గుండ్రంగా కుదురుకున్నాయి. ఒత్తులు వాటి చోట అవి కూర్చున్నాయి. ఎర్ర సిరా అక్కరలేదు. మూడో పుస్తకం, ఆరో పుస్తకం. ఇరవై ఎనిమిదేళ్ళు, వారానికి రెండుసార్లు. కొడుకు, మనవరాలు నా ముఖం వైపే చూస్తున్నారు. ఏ కవిత్వమో, వాళ్ళ తాతగారి గురించి ఏ మాటో వస్తుందని వాళ్ళు ఎదురుచూస్తున్నారని తెలుస్తూనే ఉంది.

చాకలి పద్దు అని చెప్పాను. కొడుకు మాట్లాడలేదు. ఆ పిల్ల ఇంగ్లీషులో అడిగింది: ‘ఇంకేమీ రాయలేదా?’

‘ఎస్’ అన్నాను.

ఆ పిల్ల ముఖం వెలిగింది. మోకాళ్ళ మీద లేచి నా భుజం మీదుగా పుస్తకంలోకి వంగింది. అప్పుడు గాని నేను ఏమన్నానో నాకు తెలియలేదు. ‘నో. నో అమ్మా’ అని దిద్దుకున్నాను. ఎందుకు తప్పు చెప్పానో చెప్పాలంటే ఓడ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఇంకోరోజు చెబుతానన్నాను.

ఆ పిల్ల ఆఖరి పుస్తకం తీసి, రాత ఆగిపోయిన పేజీ వెతికి, చివరి వరుస మీద వేలు పెట్టింది. క్యాలెండరు మీద వాళ్ళ నాయనమ్మ పెట్టినట్టే. ‘ఇది మాత్రం అంకెలు లేకుండా ఉంది. ఇక్కడ ఏమని రాసింది?’

2014 డిసెంబరు తేదీ ఉంది. దాని కింద ‘దుప్పటి ఒకటి రాలేదు’ అని ఉంది. తెలుగులో ఒకే మాట. ఇంగ్లీషులో చెప్పాలంటే రాలేదు, ఇక లెక్క మూసేశాం అనడానికి ఒకటి, ఇంకా రావలసి ఉంది అనడానికి ఒకటి. కాసేపు ఆగాను.

‘హ్యాజ్’ పెట్టి చెప్పాను.